"ఇదొక్కటే మిగిలింది" అనే ముందు అరలో చూడండి

కడప ఏడురోడ్ల దగ్గర మాకు చీరల కొట్టు ఉంది. చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నా.

"అక్కా, ఈ రంగులో ఇదొక్కటే ఉంది" అంటే బేరం త్వరగా తెగుతుంది. చేజారిపోతుందేమోనన్న భయం అలాంటిది. అందుకే ఆ మాట అనే ముందు అరలో చేయి పెట్టి లెక్క చూడండి. లోపల ఇంకో పది ఉంటే "ఇంకా ఉన్నాయమ్మా, ఇంట్లో అడిగి రండి" అనేయండి. ఆమె వెళ్లిపోవచ్చు, నిజమే. కానీ అబద్ధం చెప్పి అమ్మాక, అదే రంగు చీర వారం తర్వాత అద్దాల వెనక వేలాడుతూ కనిపిస్తే ఆమె మళ్లీ మన గడప తొక్కదు.

"అందరూ ఇదే తీసుకుంటున్నారు" అనేదీ అంతే. బిల్లుబుక్కు తిరగేసి "ఈ నెల మాధవరం చీరలు 14 పోయాయి" అని ఉన్నదున్నట్టు చెప్పండి. మజ్జిగ ఇస్తే కొనకుండా లేవడానికి మొహమాటపడతారు. అది ఎర కాకూడదంటే ఊరికే చూసిపోయేవాళ్లకూ ఇవ్వండి.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు మరీ జాగ్రత్త. 2023 నవంబరు 30న కేంద్రం నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మభ్యపెట్టే ఎత్తుల్లో) లేని తొందర పుట్టించడం మొదటిది. వాట్సాప్ స్టేటస్‌లో "ఈ రోజే ఆఖరు" అని పెట్టారా, తెల్లారేసరికి ఆ ధర తీసేయండి.