కూలెంట్ ఎక్కడికి పోతోంది? మూడవ పాఠం: కారే చోటు కన్నా ముందు కారే వేళ

మొదటి పాఠంలో కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, ఇంజిన్‌లో ఏ దారిన తిరుగుతుందో చూశాం. రెండవ పాఠంలో రిజర్వాయర్ బాటిల్ మీద గుర్తు పెట్టుకొని, బండిని రోజూ ఒకే చోట నిలిపి, ఉదయం ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు మట్టం ఎంత ఉందో, ముందురోజు ఎంత దూరం తిరిగారో, రాత్రి చలి ఎలా ఉందో రాసుకోమని చెప్పాను. ఆ నోటు పుస్తకం దగ్గర ఉంటేనే ఈ పాఠం ఉపయోగపడుతుంది. రాసుకోని వారు ఇక్కడే ఆగి, ముందు కనీసం రెండు వారాల లెక్క పూర్తి చేసుకొని రావాలని గట్టిగా కోరుతున్నాను. రోజూ కారే లీకును ఎవరైనా బానెట్ ఎత్తి చూసి పట్టుకోగలరు. అప్పుడప్పుడు మాత్రమే కారే లీకు మనం చూసేటప్పుడు ఎండిపోయి ఉంటుంది కాబట్టి, అది ఏ పరిస్థితిలో కారుతోందో ముందు తేల్చుకొని, ఆ పరిస్థితిని మనమే మళ్ళీ కల్పించి, కారుతూ ఉండగా చూడాలి.

ఒకే లీకు ఒకనాడు కారి మరునాడు ఊరుకోవడానికి కారణం వేడి, ఒత్తిడి ఈ రెండూ గంటగంటకూ మారుతుండటమే. చాలా కార్లలో రేడియేటర్ మూత 0.9 నుంచి 1.1 బార్ వరకు, అంటే సుమారు 13 నుంచి 16 పిఎస్‌ఐ వరకు, ఒత్తిడిని లోపల నిలిపి ఉంచుతుంది. ఆ ఒత్తిడి వల్లనే, సగం నీరు సగం కూలెంట్ కలిపిన ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగకుండా, దాదాపు 129 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుంది. అదే ఒత్తిడి చల్లటి ఇంజిన్‌లో దాదాపు ఉండదు. మరోవైపు, అల్యూమినియం ఇనుము కన్నా సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. రబ్బరు వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుసుకుపోతుంది. రేడియేటర్ పక్కల ఉండే ప్లాస్టిక్ తొట్టి ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది. కాబట్టి పాత బండిలో ఒక అతుకు చల్లగా ఉన్నప్పుడు వదులై వేడెక్కాక మూసుకోవచ్చు, మరొకటి చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి వేడెక్కాక తెరుచుకోవచ్చు. వర్క్‌షాపులో మధ్యాహ్నం వేళ పరీక్ష చేసి లీకేమీ లేదని పంపించిన బండి మరుసటి ఉదయం నేలను తడపడంలో వింత లేదు.

ఇప్పుడు మీ నోటు పుస్తకం తెరవండి. మట్టం తగ్గిన రోజులన్నీ చలి రాత్రుల తరువాతివే అయితే, రబ్బరు గొట్టాల చివరల నుంచి మొదలుపెట్టాలి. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నా పాత కారులో నన్ను నెలల తరబడి తిప్పలు పెట్టింది ఇదే. ఒక వారం మట్టం కదిలేది కాదు, మరుసటి వారం రెండు వేళ్ళ మందాన తగ్గేది. గేర్‌బాక్స్, ఇంజిన్ కలిసే అతుకు కింద ఎప్పుడైనా ఒక చుక్క కనిపించేది కనుక, ఇంజిన్ బ్లాకు వెనుకవైపు ఉండే లోహపు బిళ్ళ తుప్పుపట్టిందని నమ్మాను. అదే నిజమైతే గేర్‌బాక్స్ దించవలసి వచ్చేది. దించే ముందు లెక్క చూసుకుంటే, తగ్గిన రోజులన్నీ చలి ఎక్కువగా ఉన్నవే. ఒకనాడు తెల్లవారుజామున, ఇంజిన్ స్టార్టు చేయకుండానే, రేడియేటర్ మూత తీసి ఆ స్థానంలో ప్రెషర్ టెస్టర్ బిగించాను. ప్రెషర్ టెస్టర్ అంటే గేజి అమర్చిన చేతి పంపు. మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు గాలి కొట్టి వదిలేస్తే, పది నిమిషాలలో ముల్లు కొద్దిగా కిందికి జారింది. టార్చి వేసి వెతికితే, ఇంజిన్ వెనుక గోడ దగ్గర, హీటరుకు వెళ్ళే గొట్టం కింది అంచున ఆవగింజంత చుక్క ఊరుతూ, నిండగానే జారి, గేర్‌బాక్స్ పైభాగం మీదుగా పాకి, చివరకు ఆ అతుకు దగ్గర నేల మీద పడుతోంది. గొట్టం చుట్టూ ఉప్పు పేరినట్టు తెల్లగా, పచ్చటి ఛాయతో సన్నని పెచ్చు కట్టి ఉంది. గొట్టం లాగి చూస్తే లోపలి అంచు కొయ్యలా గట్టిపడి, స్క్రూ క్లిప్పు నొక్కిన గాడి అలాగే నిలిచిపోయింది.

ఇక్కడ నేర్చుకోవలసినవి రెండు ఉన్నాయి. చుక్క పడిన చోటు లీకు చోటు కాదు. ద్రవం కిందికీ, బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కీ పోతుంది కనుక, తడి కనిపించిన చోటు నుంచి పైకీ ముందుకూ వెతుక్కుంటూ వెళ్ళాలి. అలాగే, గట్టిపడిన గొట్టానికి క్లిప్పును ఇంకా బిగించడం మందు కాదు. బిగించిన మరునాడు ఆగినట్టే కనిపిస్తుంది, కానీ క్లిప్పు రబ్బరును కోస్తుంది, ప్లాస్టిక్ మూతి అయితే అదే పగలవచ్చు. గొట్టం మార్చాలి, లోహపు మూతి మీది తుప్పును సన్నని గరుకు కాగితంతో తుడిచి నునుపు చేయాలి.

మట్టం తగ్గడం దూర ప్రయాణాల తరువాతే కనిపిస్తే, లీకు వేడిలో, పూర్తి ఒత్తిడిలో తెరుచుకుంటోందని అర్థం. ఇటువంటి లీకు నేల మీద ఆనవాలు వదలకపోవచ్చు. వెంట్రుకంత పగులు నుంచి చిమ్మిన ద్రవం వేడి లోహం మీద పడి ఆవిరైపోతుంది, మిగిలేది తియ్యటి వాసన, ఎండిన మరక మాత్రమే. రేడియేటర్ ప్లాస్టిక్ తొట్టి అల్యూమినియం మడతతో కలిసే అంచు పొడవునా, పై గొట్టం మూతి చుట్టూ, బానెట్ లోపలి వైపున చిందిన చుక్కల కోసం చూడండి. దీన్ని కళ్ళారా పట్టుకోవడానికి మంచి సమయం బండి నడుస్తున్నప్పటిది కాదు, ఆపిన తరువాతి పావుగంట. ఇంజిన్ ఆగగానే వాటర్ పంపు కూడా ఆగుతుంది, కానీ లోహంలో ఉన్న వేడి కదలని కూలెంట్‌లోకి దిగుతూనే ఉంటుంది కాబట్టి, ఆపిన కొద్ది నిమిషాల పాటు ఉష్ణోగ్రత, దానితోపాటు ఒత్తిడి ఇంకా పెరుగుతాయి. ఆ సమయంలో బానెట్ ఎత్తి టార్చితో చూస్తూ ఉండాలి. మూతను మాత్రం ముట్టుకోకూడదు. ఒత్తిడి ఒక్కసారిగా పోతే లోపలి ద్రవం మరిగి పైకి ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుస్తుంది. విద్యుత్ ఫ్యాను చాలా కార్లలో ఇంజిన్ ఆపిన తరువాత కూడా దానంతట అదే తిరుగుతుంది కనుక చేతులు, బట్టల అంచులు దాని దగ్గరికి పోనివ్వకూడదు.

వాటర్ పంపు ఈ రెండు వర్గాలలో దేనికీ కచ్చితంగా ఒదగదు. పంపు శరీరానికి కింది వైపున చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే కూలెంట్ బేరింగులోకి పోకుండా ఆ రంధ్రం గుండా బయటికి వస్తుంది. అక్కడ ఎండిన చిన్న మరక ఉంటే భయపడనక్కరలేదు, కానీ తడి గాని, కిందికి సాగిన కొత్త చార గాని ఉంటే పంపు మార్చే సమయం వచ్చింది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పంపు పుల్లీని పట్టుకొని అటూ ఇటూ కదిపితే ఊగుతోందా అన్నది కూడా చూడాలి.

కొన్నిసార్లు అసలు లీకే ఉండదు, మూత పాడవుతుంది. విడిగా రిజర్వాయర్ బాటిల్ ఉన్న బండ్లలో, వేడికి వ్యాకోచించిన కూలెంట్ మూతలోని స్ప్రింగు వాల్వును తోసుకొని బాటిల్‌లోకి వెళ్ళి, చల్లారేటప్పుడు మూతలోనే ఉండే మరో చిన్న వాల్వు గుండా తిరిగి రేడియేటర్‌లోకి లాగబడుతుంది. ఆ చిన్న వాల్వు బిగుసుకుపోయినా, మూత రబ్బరు ఎండిపోయినా, వెళ్ళినది తిరిగి రాదు. అప్పుడు బాటిల్ నిండుగా, రేడియేటర్ వెలితిగా ఉంటాయి. అందుకే చల్లారిన ఇంజిన్‌లో రెండింటినీ చూడాలి. పాత బండిలో మూతను ఎలాగూ మార్చడమే మంచిదని నా అభిప్రాయం. అయితే పాత మూత మీద ఉన్న అంకెనే కొత్తదాని మీద కూడా ఉండాలి. ఎక్కువ ఒత్తిడి మూత పెడితే పాత గొట్టాలు, రేడియేటర్ దానిని తట్టుకోలేవు.

ముందు సీటు కింద తివాచీ తడిగా ఉన్నా, అద్దం లోపలి వైపు జిడ్డు పొరలా ఆవిరి పట్టినా, డ్యాష్‌బోర్డు లోపలి హీటర్ రేడియేటర్‌ను అనుమానించాలి. బయటి నుంచి ఎంత వెతికినా అది దొరకదు. ఏసీ నీటిని చూసి కూలెంట్ అనుకోవడం కూడా తరచుగా జరుగుతుంది. ఏసీ నీటికి రంగు, వాసన ఉండవు, వేళ్ళ మధ్య రాస్తే జారదు. కూలెంట్ జిగటగా జారుతుంది. రుచి చూసి తేల్చుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. దాని తియ్యదనం వల్ల కుక్కలు నాకి చనిపోతుంటాయి, పిల్లులకు కూడా అది ప్రాణాంతకమే, కాబట్టి పరీక్షలో నేల మీద పడిన ప్రతి చుక్కనూ తుడిచి, నీళ్ళతో కడగాలి.

లీకు దొరకక విసుగు పుట్టినప్పుడు రేడియేటర్‌లో పోసే లీకు మాన్పే పొడి గుర్తుకు వస్తుంది. పోయవద్దు. అది పగులునూ, హీటర్ రేడియేటర్‌లోని సన్నని దారులనూ వేరు చేసి చూడదు, అన్నింటిలోనూ పేరుకుంటుంది.

వచ్చే పాఠం లోపు చేయవలసిన పని ఇది. మీ లెక్క చలిని చూపిస్తే తెల్లవారుజామున చల్లటి ఇంజిన్ మీద, వేడిని చూపిస్తే బండి తిప్పి వచ్చి చల్లారిన తరువాత మరొకసారి, ప్రెషర్ టెస్టర్‌తో మూత అంకె వరకు మాత్రమే ఒత్తిడి పెట్టి, ఇరవై నిమిషాల పాటు ముల్లును గమనించి, ఎంత తగ్గిందో పుస్తకంలో రాయండి. ముల్లు తగ్గుతూ ఉండి, బయట ఎక్కడా తడి దొరకకపోతే, కూలెంట్ ఇంజిన్ లోపలికే పోతుండవచ్చు. అటువంటి బండిలో హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజిన్ బ్లాకుకూ దాని పై భాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీలును, ఎలా పరీక్షించాలో నాలుగవ పాఠంలో చూద్దాం.