చౌమహల్లా మొత్తం ఒక్క ఫొటోలో

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో తలుపులు తీయగానే వెళ్లండి. పదకొండు దాటితే ప్రతి ఫొటోలోనూ ఎవరిదో ఒక సెల్ఫీ ఉంటుంది.

దర్బారు హాలున్న భవనం ఖిల్వత్. దాని ముందు కొలను ఉంది కదా, చాలామంది ఆ కొలను గట్టు మధ్యలో నిలబడి పనోరమా, అంటే కెమెరా తిప్పుతూ తీసే వెడల్పాటి ఫొటో, మొదలుపెడతారు. నేనైతే వీలైనంత వెనక్కి వెళ్తాను. దగ్గర నుంచి తీస్తే తిన్నగా ఉండే కప్పు అంచు విల్లులా వంగిపోతుంది. ఫోన్ నిలువుగా పట్టుకోండి. చేతులు చాచి తిప్పకండి, మోచేతులు ఒంటికి ఆనించి, ఫోన్ ఉన్నచోటే ఉండేలా మీరే దాని చుట్టూ అడుగులేస్తూ తిరగండి. మొదలుపెట్టే ముందు తెల్లటి గోడ మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు మోతాదు) లాక్ చేయండి. లేదంటే ఆకాశం ఒక చివర నీలంగా, ఇంకో చివర తెల్లగా వస్తుంది.

కెమెరా అయితే మాన్యువల్ మోడ్, 35 నుంచి 50 ఎంఎం లెన్స్, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ సెట్టింగ్) కూడా ఫిక్స్. ఒక్కో ఫొటో ముందుదానితో మూడో వంతు కలవాలి. లెన్స్‌కి పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి. ఫొటోలు అతికించడానికి హగిన్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం.

దర్బారు హాల్లో 19 షాండ్లియర్లు. అక్కడ పనోరమా జోలికి పోకండి, స్తంభాలు సరిగ్గా అతకవు. వెలుతురును బట్టి ఎక్స్‌పోజర్ తగ్గించి, ఒక్క షాండ్లియర్‌ని కింద నుంచి తీయండి. ట్రైపాడ్ సంగతి టికెట్ కౌంటర్లోనే అడగండి.