మోరీ పొంగితే మేయర్‌కి ఉత్తరం రాయకండి

హైదరాబాద్‌లో మా నల్లకుంట గల్లీలో మ్యాన్‌హోల్ పొంగినప్పుడు నేను మొదట చేసిన పని మేయర్‌కి ఉత్తరం రాయడం. పది రోజులు ముక్కు మూసుకుని ఎదురుచూశాను. తప్పు నాదే.

ముందు పని ఎవరిదో తేల్చుకోండి. చెత్త, వీధిలైట్లు, గల్లీ రోడ్లు, వాననీటి కాలువలు జీహెచ్‌ఎంసీవి, అంటే నగరపాలక సంస్థవి, 040-21111111కి చేయాలి. మంచినీళ్లు, డ్రైనేజీ మాత్రం 1989లో ఏర్పడిన వాటర్‌బోర్డువి, నంబరు 155313. ఎవరికి చేసినా ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. నేనైతే పాల బిల్లు వెనకాల రాస్తాను. అది లేదంటే రెండోసారి కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాలి, అదో టెన్షన్.

అయినా కదలిక లేకపోతే అర్జీ, ఫోటో పట్టుకుని సోమవారం ప్రజావాణికి, అంటే అధికారులు జనం అర్జీలు తీసుకునే కార్యక్రమానికి, వెళ్లండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి.

కొత్త రోడ్డో పార్కో కావాలంటే దారి వేరు, కార్పొరేటర్‌ని పట్టుకోవాలి. బడ్జెట్‌కి ఆమోదం తెలిపేది వాళ్లు కూర్చునే కౌన్సిలే. దానికి అధ్యక్షత వహించే మేయర్‌ని మనం నేరుగా ఎన్నుకోం. కార్పొరేటర్లు, ఎక్స్‌అఫీషియో సభ్యులు (ఎమ్మెల్యేల్లా పదవి వల్ల సభ్యులయ్యేవాళ్లు) ఎన్నుకుంటారు. పనులు చేయించే అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్‌ది. కౌన్సిల్ గడువు ఐదేళ్లు. అది ముగిసి ఎన్నికలు ఆలస్యమైతే కౌన్సిల్ స్థానంలో ప్రత్యేకాధికారి వస్తారు, అప్పుడు అర్జీ తిన్నగా ఆఫీసుకే.