గదిలో కనిపించిన పాత్ర ఎడిట్‌లో మాయమైతే

రఫ్ కట్ (సినిమా మొదటి ముతక ఎడిట్) చూడమని నా దగ్గరకు వచ్చే స్టూడెంట్లు దాదాపు అందరూ చెప్పేది ఒకటే. "గదంతా పాత్రకు తగ్గట్టే సర్దాం, కానీ చూసినవాళ్ళకి ఆయన ఎలాంటివాడో అందడం లేదు." ఆ వెంటనే డైలాగ్ పెంచాలా, వాయిస్ ఓవర్ పెట్టాలా అని అడుగుతారు. రెండూ వద్దు. ముందు సౌండ్ పూర్తిగా తీసేసి, కథ తెలియని ఒక మనిషికి కట్ చూపించండి. అయ్యాక మూడే ప్రశ్నలు వేయండి: ఈయన ఏం పని చేస్తాడు, ఎవరికోసం చూస్తున్నాడు, ఏం దాస్తున్నాడు? కట్ నిడివికి మరో అయిదు నిమిషాలు కలిపితే అయిపోయే పని. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని వదిలేసి నేరుగా రీషూట్ మాటెత్తుతారు. ఏ ప్రశ్నకు జవాబు రాలేదో తెలియకుండా రీషూట్ చేస్తే అదే తప్పు ఇంకోసారి షూట్ చేసినట్టవుతుంది.

చెప్పడానికి వీలుగా ఒక పాత్రను అనుకుందాం. చూపు మందగిస్తున్న ముసలి టైలర్. ఆ సంగతి కూతురికి తెలియనివ్వడు, నోటితో ఎక్కడా చెప్పడు. గదే చెప్పాలి. మనవరాలితో ముందే దారం ఎక్కించుకుని చిన్న దిండుకు గుచ్చి పెట్టుకున్న సూదులు, కుట్టు మిషన్ మీదకు బాగా వంచిన టేబుల్ లైట్, గోడ మీద పెద్ద అంకెలతో రాసుకున్న కొలతలు. స్క్రిప్ట్‌లో ఇంతవరకు బాగానే ఉంది.

బట్టలు ఆయనవి కావనిపిస్తే

కారణం: కొత్తవి, లేదా ఎక్కడా అరగనివి. చాలాసార్లు ఉతకండి. తెలుపు మరీ మెరుస్తుంటే పల్చటి టీ నీళ్ళలో ముంచి తీయండి. ఆ పని చేసే మనిషికి బట్ట ఎక్కడ రాసుకుంటుందో అక్కడ మాత్రమే సన్న గరుకు కాగితంతో రుద్దండి. టైలర్‌కి మిషన్ బల్లకు ఆనే ముంజేతి దగ్గర, కాలర్ మడత మీద. ఒళ్ళంతా సమానంగా పాతబడిన చొక్కా కూడా అబద్ధంలాగే కనిపిస్తుంది. నటుడి చేత రెండు రోజులు ఇంట్లో వేయించండి, చాలు.

నటుడు ఆ గదికి చుట్టంలా కనిపిస్తే

కారణం: ప్రాపర్టీ, అంటే సీన్‌లో వాడే వస్తువులు, అంతా షూటింగ్ రోజు పొద్దున వచ్చింది. కత్తెర ఎక్కడుందో పాత్రకు తెలుసు, నటుడి చేతికి తెలియదు. అందుకే చేతులు కట్టుకునో ఒళ్ళో పెట్టుకునో డైలాగ్ చెబుతాడు.

షూటింగ్‌కి ముందు అరగంట ఆయన్ని ఆ గదిలో ఒంటరిగా వదలండి. వస్తువులను తన చేతికి అందేలా తననే సర్దుకోనివ్వండి. తర్వాత సీన్ మొత్తానికీ ఒక పని ఇవ్వండి. డైలాగ్ మొదలయ్యే ముందే ఆ పని మొదలై ఉండాలి, సీన్‌లో గట్టి మాట పడిన చోట ఆగాలి. మన టైలర్ కత్తెర కోసం బల్ల వైపు చూడడు. అరచేతిని బల్ల మీద పాకిస్తూ వేళ్ళకు తగిలేదాకా వెతుకుతాడు. కూతురు దాన్ని జానెడు పక్కకు జరిపి ఉంటే చెయ్యి ఖాళీగా తిరిగి వస్తుంది. ఆ ఖాళీ చెయ్యిని కూతురు చూసిందా లేదా అన్నదే సీన్. దానికి డైలాగ్ అక్కర్లేదు.

లొకేషన్‌లో అందరికీ నచ్చింది, ఎడిట్‌లో ఏమీ లేదు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. చదువుకునే రోజుల్లో తీసిన ఒక షార్ట్ ఫిల్మ్‌కి, మా ఆర్ట్ టీమ్‌లోని స్నేహితురాలు రెండు రోజులు కూర్చుని ఒక షెల్ఫ్ సర్దింది. ఆ పాత్ర జీవితమంతా ఆ షెల్ఫ్‌లో ఉంది. షూటింగ్ రోజు కిటికీ వెలుగు బాగా పడుతోందని కెమెరాను ఆ షెల్ఫ్‌కే ఆనించి పెట్టాం. ముఖం షాట్లన్నీ ఎదుటి బోడి గోడ మీద వచ్చాయి. మొత్తం సినిమాలో షెల్ఫ్ కనిపించింది గదంతా చూపే ఒక్క వైడ్ షాట్‌లో, నాలుగు సెకన్లు. స్క్రీనింగ్‌లో పక్కన కూర్చున్న ఆ అమ్మాయి ఏమీ అనలేదు. అది ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత చూసిన స్టూడెంట్ కట్‌లలో ఇదే తప్పు ఎన్నిసార్లు ఎదురైందో లెక్క లేదు.

ఆర్ట్ టీమ్ గదిని గుమ్మంలో నిలబడి చూస్తూ సర్దుతుంది. కెమెరా గుమ్మంలో ఉండదు. పైగా స్టూడెంట్ సినిమాలో ఎక్కువ సమయం మిడ్ షాట్లు, క్లోజప్‌లే ఉంటాయి. అంటే ప్రేక్షకుడికి దక్కేది గది కాదు, ముఖం వెనకున్న ముక్క. ఆ ముక్క ఎంతో లెక్క కట్టి చూడండి. ఏపీఎస్-సీ అనే మధ్యరకం సైజు సెన్సర్ ఉన్న కెమెరాకు 50 ఎంఎం లెన్స్ వేసి నటుడికి 2 మీటర్ల దూరంలో పెట్టారనుకుందాం. ఆయన దగ్గర ఫ్రేమ్ వెడల్పు సుమారు 94 సెంటీమీటర్లు. భుజాలే అందులో దాదాపు సగం తినేస్తాయి. ఆయనకు ఒకటిన్నర మీటరు వెనక గోడ ఉంటే అందులో ఫ్రేమ్‌లోకి వచ్చేది సుమారు 1.6 మీటర్లు, అది కూడా మధ్యలో మనిషి అడ్డుగా. కెమెరా కదలకుండా 85 ఎంఎం వేస్తే గోడ మీటరు కూడా మిగలదు.

ఇక ఫోకస్. బ్యాక్‌గ్రౌండ్ అందంగా కరిగిపోవాలని లెన్స్ రంధ్రాన్ని బాగా తెరిచి ఎఫ్ 1.8 పెడతారు. పై దూరాల్లో 50 ఎంఎంతో ఆ గోడ మీద సుమారు 2 సెంటీమీటర్ల కంటే చిన్న వివరం ఏదీ నిలవదు. కష్టపడి రాసిన కాగితాలు, సీసాల మీది పేర్లు, పుస్తకాల వెన్నుల మీది అక్షరాలు అన్నీ కరిగిపోతాయి. రంధ్రాన్ని తగ్గించి ఎఫ్ 5.6కి వెళ్తే ఆ హద్దు ముప్పావు సెంటీమీటరు లోపుకు తగ్గుతుంది. కానీ అందుకు దాదాపు పది రెట్ల వెలుగు కావాలి, లేదంటే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) అంతగా పెంచాలి. షూటింగ్ రోజు సాయంత్రం టెన్షన్‌లో ఆ నిర్ణయం ఎవరూ తీసుకోరు.

ఇది దొరకని సమస్య ఎందుకైందంటే, టీమ్‌లో ప్రతి ఒక్కరికీ ఆ గది తెలుసు. మానిటర్‌లో లేని షెల్ఫ్‌ను మీ బుర్ర తెచ్చి పెడుతుంది. బయటివాళ్ళేమో "గోడ ఖాళీగా ఉంది" అని చెప్పరు. "నటుడు డల్‌గా ఉన్నాడు", "సీన్ సాగుతోంది" అంటారు. ఆ మాట నమ్మి పాపం బాగా చేసిన నటుడి సీన్లు కత్తిరించినవాళ్ళను చూశాను. సౌండ్ తీసేసి చూసినప్పుడు, ముఖం తప్ప ఆ మనిషి గురించి చెప్పేది ఫ్రేమ్‌లో ఒక్కటీ లేని షాట్లు ఎన్నో లెక్కపెట్టండి. సగం దాటితే మీ సమస్య ఇదే.

పరిష్కారం గది సర్దకముందే మొదలవుతుంది. ఖాళీ గదిలోకి కెమెరా తీసుకెళ్ళండి. అసలు షూటింగ్‌లో వాడే లెన్సే వేయండి. నటుడి ఎత్తున్న ఎవరినైనా ప్రతి మార్క్ (నటుడు ఉండాల్సిన చోటు) మీద నిలబెట్టి, కూర్చోబెట్టి, ఒక్కో సెటప్‌కి ఒక్కో స్టిల్ తీయండి. ఫ్రేమ్ అంచులు గోడ మీద ఎక్కడ పడుతున్నాయో చూసి టేపు అంటించండి. ఆర్ట్ టీమ్ సర్దాల్సింది ఆ టేపు లోపలే. ఎక్కువసేపు నిలిచే షాట్ ఏదో చూసి, దాచిన సంగతికి సంబంధించిన వస్తువు అందులోనే పెట్టండి.

కొత్త వస్తువులు కొనే ముందు మనిషిని తిప్పి చూడండి. టైలర్ మిషన్‌ను తొంభై డిగ్రీలు తిప్పితే కిటికీ వెలుగు ముఖానికి పక్క నుంచి పడుతుంది, కొలతల గోడ వెనక్కి వస్తుంది. ఆ అంకెలు అరచెయ్యంత ఎత్తులో ఉంటే ఎఫ్ 1.8లో కూడా చదవొచ్చు. ఆయన చూపుకు అంత పెద్ద అంకెలే కావాలి కూడా. సూదుల దిండు మాత్రం గోడ దగ్గర పనికిరాదు. ముఖం ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో, మిషన్ మీద ఉండాలి. అప్పుడే ముఖంతో పాటు అదీ ఫోకస్‌లో ఉంటుంది. టేబుల్ లైట్ కాస్త మసకబారినా ఫర్వాలేదు, వెలుగు ఆకారం అందుతుంది. ఆయన దాని కిందకు ఎంత వంగుతున్నాడో కనిపిస్తే చాలు.

షూటింగ్ రోజు కెమెరా చోటుగానీ లెన్స్‌గానీ మారిందా, టేపు కూడా మారాలి. డైరెక్టర్ ఆ మాట ఆర్ట్ టీమ్‌కి చెప్పి, సర్దడానికి పది నిమిషాలు ఇవ్వాలి. ఆ పది నిమిషాలు లేవంటే ఆ షాట్ మార్చకండి.

మొదట్లో మనిషి అర్థమయ్యాడు, చివరికి మారినట్టు లేడు

కారణం: కథలో వారం గడిచింది, గదిలో గంట కూడా గడవలేదు. అన్ని సీన్లూ ఒకే రోజు తీస్తారు కాబట్టి ఇలా జరుగుతుంది. కథలో రోజులు ఎన్నో కాగితం మీద వేసుకుని, ఒకే ఒక వస్తువును ఆ రోజుల వెంట నడిపించండి. దారం ఎక్కించిన సూదులు మొదటి రోజు తొమ్మిది, మనవరాలు రాని రోజు నాలుగు, చివరి సీన్‌లో ఒకటి. నాలుగు వస్తువులు మారిస్తే ఏదీ గుర్తుండదు. ఏ సీన్‌లో ఎన్ని సూదులో ఫోటో తీసి పెట్టుకోండి, సీన్లు వరసలో తీయరు కదా.

గ్రేడింగ్ (ఎడిట్ తర్వాత రంగులు సరిచేయడం) వల్ల, రంగుల ఎంపిక వల్ల పాత్ర చెడింది అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చూసినంతలో అది చాలా అరుదు. వస్తువులు మరీ ఎక్కువై ఏదీ కంటికి ఆనకపోవడం కూడా అప్పుడప్పుడూ జరుగుతుంది. సగం తీసేసి ఒక స్టిల్ చూస్తే తేలిపోతుంది.

షూటింగ్ ఇప్పటికే అయిపోతే

అన్నీ మళ్ళీ తీయక్కర్లేదు. ఇన్‌సర్ట్‌లు, అంటే సీన్ మధ్యలో వేసే చిన్న దగ్గరి షాట్లు, తీయండి. బల్ల మీద పాకే చెయ్యి, దిండు నుంచి సూది తీసే వేళ్ళు, లైట్‌ను ఇంకా కిందకు లాగే మణికట్టు. ముఖం అక్కర్లేదు కాబట్టి గదంతా మళ్ళీ కట్టక్కర్లేదు. బల్ల అంచు, మిషన్, అదే టేబుల్ లైట్ ఉంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది. వెలుగు ఏ పక్క నుంచి పడిందో పాత షాట్ పక్కన పెట్టుకుని చూడండి. వీలైతే అదే నటుడి చేతులు తీసుకోండి. కుదరకపోతే గోళ్ళు, ఉంగరం, చొక్కా మడిచిన ఎత్తు సరిపోవాలి. ఒక్కో ఇన్‌సర్ట్‌ను కనీసం పది సెకన్లు నడవనివ్వండి. సౌండ్ తీసేసి చూసినప్పుడు ఏ ప్రశ్నకు జవాబు రాలేదో, ఆ సీన్‌లోనే మొదటి ఇన్‌సర్ట్ వేసి, కథ తెలియని ఇంకో మనిషికి మళ్ళీ చూపించండి.