స్టేషన్లో, రోడ్డు మీద, ఆఫీసులో: విశాఖలో ఇబ్బంది ఎదురైతే ఏ కాగితం అడగాలి

పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిందంటే మన ఇళ్లలో మొదట జరిగే పని, తెలిసిన కార్పొరేటర్‌కో పార్టీ నాయకుడికో ఫోన్ చేయడం. ఆ సాయం ఒక్కోసారి పనికొస్తుంది. కానీ దానికి రికార్డు ఉండదు, రేపు కోర్టులో దాన్ని చూపించలేం. మన చట్టాలు చూస్తే దాదాపు ప్రతి దశలోనూ అధికారి మనకు ఏదో ఒక కాగితం ఇవ్వాలని రాసి ఉంటుంది. నోటీసు, రసీదు, ఎఫ్ఐఆర్ కాపీ, అరెస్టు కారణాలు, పంచనామా. వాటిని అడగకుండా బయటకు వచ్చేయడం వల్లే చాలామంది నష్టపోతున్నారు.

2024 జులై 1 నుంచి పోలీసు, కోర్టు విధానాల పాత చట్టమైన సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ అమల్లోకి వచ్చింది. అందుకే కింద కొత్త సెక్షన్ నంబర్లే ఇస్తున్నాను.

సమస్య: "ఇది మా పరిధి కాదు", లేదా "కంప్లైంట్ ఇచ్చి వెళ్లండి, చూస్తాం"

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ ఉంటే బ్యాగు పోయిందనుకోండి. అనకాపల్లి దాటాక చూసుకున్నారు. తునిలో పోయిందో, అనకాపల్లిలో పోయిందో మీకు తెలియదు. విశాఖలో దిగి ఫిర్యాదు ఇస్తే ముందు పరిధి తేల్చుకుని రమ్మంటారు. గాజువాక దాటితే అనకాపల్లి జిల్లా మొదలయ్యే మన ప్రాంతంలో ఈ పరిధి గొడవ తరచూ వచ్చేదే.

కారణం ఏమిటంటే, ఎఫ్ఐఆర్ కట్టిన రోజు నుంచి దర్యాప్తు బాధ్యత, దాని లెక్క ఆ స్టేషన్ మీద పడతాయి. పిటిషన్ తీసుకుని పక్కన పెడితే ఏదీ మొదలవదు. మీరు మాత్రం "కేసు పెట్టాం" అనుకుని ఇంటికి వెళ్తారు. పిటిషన్ వేరు, ఎఫ్ఐఆర్ వేరు. నంబరు లేని ఎఫ్ఐఆర్ ఉండదు.

పరిష్కారం బీఎన్‌ఎస్‌ఎస్ 173లోనే ఉంది. నేరం ఎక్కడ జరిగినా, పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగలిగిన నేరమైతే, అంటే కాగ్నిజబుల్ అయితే, ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత దాన్ని సరైన స్టేషన్‌కి పంపుకోవడం వాళ్ల పని. ఫిర్యాదును ఆన్‌లైన్లో కూడా పంపొచ్చు, కాకపోతే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు గానీ బాధితులకు గానీ ఉచితంగా ఇవ్వాలి. కాగ్నిజబుల్ నేరం బయటపడుతున్నప్పుడు ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనంతో చెప్పింది.

ఒక మినహాయింపు కొత్తగా వచ్చింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. కాబట్టి "ఎంక్వైరీ చేస్తున్నాం" అని చెబితే ఎప్పటిలోగా పూర్తవుతుందో అడగండి.

అప్పటికీ కట్టకపోతే వాదనకు దిగొద్దు. ఫిర్యాదు రెండు కాపీలు రాసుకుని వెళ్లండి, ఒకదానిపై తేదీతో స్టాంపు వేయించుకోండి. అదీ ఇవ్వకపోతే అదే ఫిర్యాదును పోస్టులో పై అధికారికి పంపండి. జిల్లాల్లో అయితే ఎస్పీకి. విశాఖ నగరం కమిషనరేట్ కాబట్టి ఇక్కడ డీసీపీకి గానీ పోలీస్ కమిషనర్‌కి గానీ. పోస్టాఫీసు రసీదు జాగ్రత్త. అక్కడా కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు, 175(3) కింద దర్యాప్తుకు ఆదేశించమని కోరొచ్చు. ఈ మెట్లు వరుసగా ఎక్కినట్టు కాగితాలు ఉంటేనే కోర్టులో పిటిషన్ నిలుస్తుంది. చాలామంది మధ్య మెట్టు వదిలేసి నేరుగా హైకోర్టు అంటారు. అమరావతి వరకూ వెళ్లి, కింద ఉన్న మార్గం వాడలేదన్న మాట విని తిరిగి రావాల్సి వస్తుంది.

అత్యాచారం, యాసిడ్ దాడి లాంటి నేరాల్లో ఫిర్యాదు నమోదు చేయకపోవడమే భారతీయ న్యాయ సంహిత 199 కింద ఆ పోలీసు అధికారిపై నేరం అవుతుంది.

సమస్య: "ఓసారి స్టేషన్‌కి వచ్చి వెళ్లు" అని ఫోన్

దీని మీద ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. చాలాసార్లు వెనుక ఉన్నది అప్పు గొడవో, అద్దె గొడవో, స్థలం హద్దు గొడవో. అవతలివాళ్లు పిటిషన్ ఇచ్చి ఉంటారు. ఎఫ్ఐఆర్ ఉండదు, నోటీసు ఉండదు. డబ్బు బాకీ తేల్చాల్సింది సివిల్ కోర్టు. స్టేషన్లో రాజీ కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాలన్న చట్టమేదీ లేదు.

మర్యాదగా అడగాల్సినవి ఇవి: "సార్, కేసు నంబరు ఉందా? నన్ను సాక్షిగా పిలుస్తున్నారా, నిందితుడిగానా? నోటీసు పంపండి, తప్పకుండా వస్తాను." ఈ మాటల్లో ధిక్కారం లేదు. కేసులో మీ మీద అనుమానం ఉండి అరెస్టు అవసరం లేదనుకుంటే 35(3) కింద రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. పాత రోజుల్లో 41ఏ నోటీసు అనేవాళ్లు, ఇప్పటికీ లాయర్లు అలాగే అంటారు. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసింది. నోటీసు చేతికి వచ్చాక మాత్రం తప్పకుండా వెళ్లాలి. వెళ్లి సహకరిస్తున్నంత కాలం, కారణాలు రాతలో నమోదు చేయకుండా ఆ కేసులో అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు.

సాక్షిగా పిలిస్తే సెక్షన్ 179 చూడాలి. మహిళలను, పదిహేనేళ్ల లోపు, అరవై ఏళ్లు దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను వాళ్ల ఇంటికి కాక మరోచోటికి రమ్మనడానికి వీల్లేదు. తాముగా వస్తామంటే వేరే విషయం. అమ్మను స్టేషన్‌కి తీసుకురమ్మని ఎవరైనా అడిగితే, "అమ్మ ఇంటిదగ్గరే ఉన్నారండీ, మీరు వచ్చి మాట్లాడండి" అని చెప్పడానికి ఏ మాత్రం భయపడక్కర్లేదు.

వెళ్తే ఒంటరిగా వెళ్లకండి. లోపలికి వెళ్లిన సమయం, బయటకు వచ్చిన సమయం ఇంట్లోవాళ్లకు మెసేజ్ పెట్టండి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని, ఫుటేజీని పద్దెనిమిది నెలలు దాచాలని, ఆ వీలు లేని చోట కనీసం ఏడాదైనా ఉంచాలని 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాత ఏదైనా జరిగిందని చెప్పాల్సి వస్తే, ఏ రోజు ఏ గంట ఫుటేజీ కావాలో చెప్పగలగాలి కదా.

సమస్య: మనిషిని తీసుకెళ్లారు, ఎక్కడున్నాడో చెప్పడం లేదు

రాజ్యాంగం 22వ అధికరణ ఇక్కడ మీ పక్కన ఉంది: అరెస్టుకు కారణం చెప్పాలి, లాయరును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. కారణాలు నోటితో చెబితే సరిపోదు. అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని, కనీసం రిమాండ్‌కు రెండు గంటల ముందైనా ఆ కాగితం చేతిలో ఉండాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో చెప్పింది. మన ఊళ్లో ఆ భాష తెలుగే అవుతుంది.

అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడి సాక్షి సంతకం గానీ, స్థానికుడి సాక్షి సంతకం గానీ ఉండాలి. మహిళలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి అయితే మహిళా అధికారి రాతపూర్వక నివేదిక ఇచ్చి మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకోవాలి. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరమై, మనిషి అరవై దాటినవాడో బలహీనుడో అయితే డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు లేదు.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది: వెంటనే 112కి ఫోన్ చేసి సమయం రాసుకోండి, కమిషనర్‌కి సమాచారం పంపండి, అరెస్టయినవాళ్ల పేర్లు స్టేషన్లోనూ జిల్లా ప్రధాన కార్యాలయంలోనూ ప్రదర్శించాలన్న సెక్షన్ 37 గుర్తుచేయండి. 24 గంటలు దాటితే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్, వేయొచ్చు. రిమాండ్‌కు ముందు కేజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రిలో వైద్య పరీక్ష జరుగుతుంది. దెబ్బలుంటే డాక్టరుకే చెప్పాలి, ఆ నివేదిక కాపీ అడగాలి. మేజిస్ట్రేట్ "ఏమైనా ఇబ్బంది పెట్టారా" అని అడిగినప్పుడు తలదించుకుని "లేదు" అన్న ఒక్క మాట తర్వాత ఎంతమంది లాయర్లు పెట్టుకున్నా వెనక్కి రాదు.

సమస్య: ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరో, రైల్వే స్టేషన్లోనో బ్యాగు చూపించమన్నారు

ఏజెన్సీ వైపు నుంచి గంజాయి రవాణా ఉన్నందువల్ల ఇక్కడ తనిఖీలు ఎక్కువ. కుర్రాళ్లకు, ముఖ్యంగా పాడేరు, అరకు వైపు నుంచి చదువుకోవడానికి వచ్చే గిరిజన విద్యార్థులకు ఇది తెలియాలి. ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుపదార్థాల నిరోధక చట్టం, సెక్షన్ 50 ప్రకారం, ఒంటి మీద సోదా చేసే ముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ సమక్షంలో చేయమని కోరే హక్కు మీకు ఉంది, ఆ హక్కు ఉందని అధికారే ముందు చెప్పాలి. బ్యాగుకు మాత్రం ఇది వర్తించదు. ఆడవాళ్లను సోదా చేయాల్సింది మహిళే. ఏదైనా స్వాధీనం చేసుకుంటే వీడియో తీయాలి, జాబితా ఇవ్వాలి. ఇతరుల బ్యాగు, తెలియనివాళ్ల పార్సిల్ చేతిలో పట్టుకోవద్దన్నది మాత్రం ఏ సెక్షన్‌తో పనిలేని జాగ్రత్త.

ఫోన్ అన్‌లాక్ చేసి వాట్సాప్ చూపించమంటే ఏ కేసులోనో అడగండి. దారిన పోయేవాళ్ల చాట్లు చదవమని పోలీసులకు చెప్పే సెక్షన్ ఏదీ లేదు. 2017 నాటి పుట్టస్వామి తీర్పు తర్వాత గోప్యత ప్రాథమిక హక్కు.

బండి ఆపి ఒరిజినల్స్ అడిగితే: డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ ఉన్న లైసెన్స్, ఆర్‌సీ చూపిస్తే చాలు, కేంద్ర మోటారు వాహన నిబంధన 139 అదే చెబుతుంది. లైసెన్స్ తీసుకుంటే రసీదు ఇవ్వాలి.

సమస్య: తోపుడుబండి ఎత్తుకెళ్లారు, లేదా ఇల్లు పడగొడతామన్నారు

బీచ్ రోడ్డులోనైనా, జగదాంబ దగ్గరైనా వీధి వ్యాపారులకు 2014 చట్టం ఉంది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఖాళీ చేయించకూడదు. వేరేచోటికి మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు తీసుకెళ్తే జాబితా రాసి సంతకంతో ఇవ్వాలి. పాడయ్యే సరుకు, అంటే చేపలు, పళ్లు, మీరు అడిగిన రోజే తిరిగివ్వాలి. మిగిలినవి రెండు పనిదినాల్లో. నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉంటే ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి.

ఇళ్ల కూల్చివేతపై 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే నిబంధనలు పెట్టింది: కనీసం 15 రోజుల గడువుతో నోటీసు, మీ మాట వినడం, రాతపూర్వక ఉత్తర్వు. రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను, చెరువు, గెడ్డ లాంటి వాటిలో కట్టినవాటికి ఈ రక్షణ లేదు. కాబట్టి నోటీసు వచ్చిన రోజే ఆ స్థలం ఏ కేటగిరీలో పడుతుందో సర్వే కాగితాలతో తేల్చుకోండి, జవాబు రాతలోనే ఇవ్వండి.

సమస్య: అర్జీ పెట్టి నెలలైంది, ఫైలు ఎక్కడుందో తెలియదు

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇస్తే నంబరు తీసుకోండి. కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద "నా అర్జీ ఏ తేదీన ఎవరి దగ్గరుంది, ఏం చర్య తీసుకున్నారు, నోట్‌ఫైలు కాపీ ఇవ్వండి" అని అడగండి. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు, రికార్డు అడిగితేనే వస్తుంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10. గడువు 30 రోజులు, ప్రాణం లేదా స్వేచ్ఛకు సంబంధించిందైతే 48 గంటలు. రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు.

సమస్య: వీడియో కాల్‌లో "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు"

మన చట్టాల్లో అలాంటి అరెస్టే లేదు. పైన చెప్పిన నోటీసు, మెమో, మేజిస్ట్రేట్, ఇవేవీ లేకుండా కెమెరా ముందు కూర్చోబెట్టేవాడు పోలీసు కాదు. ఫోన్ పెట్టేయండి. డబ్బు వెళ్లిపోయి ఉంటే నిమిషాలు కూడా ముఖ్యం: 1930కి ఫోన్ చేసి లావాదేవీ నంబరు చెప్పండి, బ్యాంకుకూ చెప్పండి. రిటైరైన తల్లిదండ్రులు ఒంటరిగా ఉండే ఇళ్లలో ఈ పేరా చదివి వినిపించండి.

లాయరుకు డబ్బు లేకపోతే

మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వీళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 అదే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెల్లకాగితంపై రాసిచ్చినా చాలు, 15100కి ఫోన్ చేసినా చాలు. అరెస్టయిన మనిషి తరఫున భార్య గానీ, తల్లి గానీ అడగొచ్చు. రిమాండ్ రోజు ఉదయమే అడిగితే, మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లే సమయానికి పక్కన లాయరు ఉండే వీలుంటుంది.