చిన్న చెరువు గట్టు తెగకుండా: అలుగు, మదుము, ఊట

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చెరువు గట్లకు గడ్డుకాలం సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా. ఉభాలు (నాట్లు) అయిపోయి, వరి పొట్ట మీద ఉండి, చెరువులన్నీ నిండుగా ఉన్నప్పుడే వాయుగుండాలు పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్, మూడూ ఈ రోజుల్లోనే తీరం దాటాయి. తోటపల్లి, మడ్డువలస లాంటి ప్రాజెక్టులకు గేట్లూ సిబ్బందీ ఉంటారు. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం వర్తించేది 15 మీటర్లు దాటిన కట్టడాలకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి. మూడు నాలుగు మీటర్ల ఊరి చెరువు గట్టు ఆ లెక్కలోకి రాదు. దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సింది ఆయకట్టు రైతులూ, నీటి సంఘమూ.

అలుగు మీద బస్తాలు వేయొద్దు

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే. ఇంకో అడుగు నీరు నిలుస్తుందని, చెరువు నిండాక మిగులు నీరు పోయే అలుగు మీద ఇసుక బస్తాలో, తాటి దుంగలో అడ్డం పెట్టడం చాలా ఊళ్లలో ఉంది. దానివల్ల పోయేదెంతో లెక్క చూడండి. అలుగు పొడవు 10 మీటర్లు అనుకుందాం. అలుగు మీద అర మీటరు ఎత్తు వరకు నీరు పారినా గట్టుకు ప్రమాదం లేదనుకుంటే, ఆ ఎత్తులో సెకనుకు సుమారు 6 ఘనపు మీటర్ల వరద బయటకు పోతుంది. 30 సెం.మీ. ఎత్తున బస్తాలు వేస్తే, గట్టు ఎత్తు పెరగదు కాబట్టి నీరు పారడానికి మిగిలేది 20 సెం.మీ. అప్పుడు పోయేది సెకనుకు ఒకటిన్నర ఘనపు మీటర్లు. అంటే బయటకు పోయే దారిలో ముప్పావు వంతు మూసేసినట్టే. మిగిలిన వరద గట్టు మీదుగా పొర్లుతుంది. పొర్లిన నీరు గట్టు వెనుక (పొలాల వైపు) వాలు మట్టిని కోసుకుంటూ పైకి వస్తుంది, ఆపై గండి పడటానికి ఎంతోసేపు పట్టదు.

అలుగుకు ఎదురుగా చెరువులో పెరిగిన తుంగ, గుర్రపుడెక్క, అలుగు దిగువన గెడ్డ (వాగు) దాకా పోయే కాలువలోని తుప్పలు జూన్ లోపు తీసేయాలి. చేపలు పోకుండా కట్టే వల కూడా అడ్డమే. దానికి కొట్టుకొచ్చిన చెత్త పట్టుకుంటే గోడలా నిలబడుతుంది. వాయుగుండం హెచ్చరిక రాగానే వల విప్పించాలి.

నీరు ఎక్కువ కావాలంటే దానికి వేరే దారి ఉంది. సరిగా మూతపడని మదుము (పొలాలకు నీరు వదిలే తూము) నుంచి సెకనుకు ఒక లీటరు కారితే రోజుకు 86,400 లీటర్లు. వంద రోజుల్లో అది ఏడు ఎకరాల మీద అడుగు మందాన పరిచేంత నీరు. పదెకరాల చెరువులో అలుగు మీద బస్తాలు వేసి అడుగు నీరు ఆపితే దక్కేది పది ఎకరా-అడుగులు. మదుము తలుపు రబ్బరు సీలు మార్చి, మర తిరిగేలా గ్రీజు పెట్టి, గోడ పగుళ్లు పూడిస్తే గట్టుకు ఏ ముప్పూ లేకుండా అందులో చాలా భాగం మిగులుతుంది.

ఊటను రంగు చూసి పట్టుకోవాలి

మట్టి గట్టు అన్నాక కొంత ఊరుతుంది. తేటగా, ఎప్పుడూ ఒకే మోతాదులో వచ్చే ఊట గురించి కంగారు అక్కర్లేదు. బురదగా వచ్చే ఊట మాత్రం లోపలి మట్టిని మోసుకొస్తున్నట్టు. గట్టు లోపల సొరంగం పడుతోందని దానర్థం.

చెరువు నిండి ఉన్న రోజుల్లో వారానికోసారి, వరద రోజుల్లో రెండు మూడు గంటలకోసారి గట్టు వెనుక అడుగు వెంబడి నడవాలి. ముఖ్యంగా చూడాల్సిన చోట్లు మూడు: మదుము గొట్టం బయటకు వచ్చే దగ్గర, అలుగు గోడ మట్టిగట్టును కలిసే దగ్గర, పాత గండి పూడ్చిన దగ్గర. రాతి కట్టడం పక్కన మట్టి సరిగా దిమ్మిస కాదు (కొట్టినా గట్టిపడదు), నీరు ఆ అతుకు వెంటే దారి చేసుకుంటుంది. ఎండాకాలంలో కూడా ఒకే చోట గడ్డి పచ్చగా ఉందంటే అక్కడ గుర్తు పెట్టుకోండి.

ఊట పారే చోట చిన్న మడవ చేసి, పది లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో పుస్తకంలో రాయండి. పక్కనే చెరువు మట్టం కూడా రాయాలి. లేకపోతే ఆ అంకెకు అర్థం ఉండదు. తెల్లటి గాజు సీసాలో ఆ నీరు పట్టి అరగంట కదపకుండా పెట్టండి. అడుగున మట్టి తేరితే, లేదా అదే మట్టం దగ్గర బకెట్ గతంలో కన్నా త్వరగా నిండితే, జలవనరుల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఆ రోజే చెప్పాలి.

వెనుక వైపు నీరు బుడబుడమని ఉబికి, చుట్టూ సన్నటి ఇసుక కుప్ప పోస్తుంటే ఆ రంధ్రాన్ని మాత్రం పూడ్చొద్దు. పైన మట్టి వేసి తొక్కితే నీరు పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. దాని చుట్టూ మీటరు దూరంలో ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీరు నిలవనివ్వండి. నీరు తేటబడే వరకే ఎత్తు పెంచి, ఆ మట్టం దగ్గర ఒక గొట్టం పెట్టి పోనివ్వాలి. బస్తాలు మూడింట రెండు వంతులే నింపాలి. బిగుతుగా నింపితే ఒకదాని మీద ఒకటి ఒదగవు.

రంధ్రం మూయాల్సింది చెరువు లోపలి వైపు. నీటి మీద సుడి కనిపిస్తే అక్కడ టార్పాలిన్‌కు ఒక అంచున బస్తాలు కట్టి, గట్టు మీద నుంచి వాలు వెంట జార్చి, దానిపై బంకమట్టి బస్తాలు వేయాలి. సుడి దగ్గర మనిషి నీళ్లలోకి దిగకూడదు, లోపలికి లాగేస్తుంది.

వెనుక వాలు విశాలంగా చెమ్మగిల్లి మెత్తబడితే దాని మీద వరుసగా ముతక ఇసుక 15 సెం.మీ., సన్న కంకర 15 సెం.మీ., పైన రాయి పరవాలి. నీరు పోతుంది, మట్టి ఆగుతుంది. బంకమట్టి పరిస్తే నీరు లోపలే నిలిచి వాలు జారిపోతుంది.

చెట్లు, బొరియలు

గట్టు మీద సర్కారు తుమ్మ, కానుగ, తాటి పెరగనివ్వొద్దు. చెట్టు చచ్చాక వేరు కుళ్లి గొట్టంలా ఖాళీ మిగులుతుంది. మొక్కగా ఉన్నప్పుడే పీకేయాలి. పెద్ద చెట్టయితే చెరువు ఎండినప్పుడే వేళ్లతో సహా తీసి, గోతిని పొరలుగా దిమ్మిస చేసి పూడ్చాలి. పందికొక్కు కలుగులు, పీత బొక్కలు, చెదపుట్టలు కూడా అంతే: తవ్వి చివర దాకా వెళ్లి పూడ్చాలి, పైన మూతేస్తే లాభం లేదు. గట్టుకు గరికే మేలు. కోత పడే చోట వట్టివేరు వరుసలు నాటవచ్చు.

వేసవి మరమ్మతు

మట్టిని ముందు పరీక్షించండి. ఎండిన చిన్న మట్టిగడ్డను గ్లాసుడు వాన నీటిలో వేసి కదపకుండా పది నిమిషాలు చూడండి. గడ్డ విరిగి కుప్పగా కూర్చుంటే ఫరవాలేదు. దాని చుట్టూ పొగలా తెల్లటి మబ్బు కమ్మితే ఆ మట్టి నీటిలో కరిగిపోయే రకం, గట్టుకు పనికిరాదు.

మట్టిని గట్టు మొదట్లో తవ్వొద్దు. ఉపాధి పనుల్లో పూడిక తీసేటప్పుడు ఇదే ఎక్కువగా జరుగుతుంది. లోపలి వైపు గట్టు అడుగు నుంచి కనీసం 10 మీటర్లు వదలాలి, వెనుక వైపు అసలు తవ్వకూడదు.

పాత వాలు మీద కొత్త మట్టి ఊరికే పోస్తే అతకదు, తొలి వానకే పొరలా జారుతుంది. గడ్డి చెక్కి, వాలును అర మీటరు మెట్లుగా కోసి, తడిపి, 20 సెం.మీ. పొరగా మట్టి పరిచి 15 సెం.మీ. అయ్యేదాకా రోలర్ నడపాలి. ట్రాక్టర్ టైర్లు తొక్కింది చాలదు. మదుము గోడ పక్కన రోలర్ పోదు కాబట్టి అక్కడ 10 సెం.మీ. పొరలు వేసి చేతి దిమ్మిసతో కొట్టాలి. తడి సరిపోయిందో లేదో పిడికిలితో తెలుస్తుంది: మట్టి ముద్దయి, నడుమెత్తు నుంచి పడేస్తే రెండు మూడు ముక్కలవ్వాలి. పొడిగా రాలితే నీరు చాలలేదు, పచ్చడిలా అతుక్కుంటే ఎక్కువైంది. గట్టు పైభాగాన్ని తాడు పట్టి సమం చేయండి. వరద మొదట పొర్లేది బళ్లూ పశువులూ ఎక్కి దిగి కుంగిన చోటే.

నీరు వదలడం

మదుము గోడ మీద అడుగులూ అంగుళాలూ వేసి రంగు పూయండి. నిండినప్పటి విస్తీర్ణాన్ని అత్యధిక లోతుతో, ఆపై 0.4తో గుణిస్తే నిల్వ అంచనా వస్తుంది. పదెకరాలు, పదడుగుల లోతైతే 40 ఎకరా-అడుగులు. ఇందులో ఆవిరికి రోజుకు 4, 5 మిల్లీమీటర్లు పోతుందని తీసేసి, మిగిలినదాన్ని బట్టి వంతులు కట్టుకోవాలి.

వాయుగుండం హెచ్చరిక వస్తే రెండు మూడు రోజుల ముందే మదుము తీసి మట్టం దించడం మొదలుపెట్టాలి, పల్లపు మళ్లలో కోసిన పనలుంటే రైతులకు ముందే చెప్పి. రోజుకు అడుగు మించి దించొద్దు. లోపలి వాలులో నానిన నీరు బయటకు వచ్చే వ్యవధి లేక వాలు చెరువులోకి జారుతుంది. పైనున్న చెరువు వాళ్ల ఫోన్ నంబరు దగ్గర ఉండాలి. గొలుసు చెరువుల్లో పైది తెగితే ఆ నీరంతా కింది దాని మీదే పడుతుంది.

వరదకు ముందే 200 ఖాళీ బస్తాలు, నాలుగు లోడ్ల ఇసుక, ఒక లోడు బంకమట్టి, 20 సరుగుడు బాదులు, రెండు టార్పాలిన్లు, టార్చిలు గట్టు దగ్గర చేర్చాలి. రాత్రి కాపలాకు ఇద్దరు కలిసే వెళ్లాలి. నీరు గట్టు అంచుకు అడుగు లోపుకు వచ్చిందంటే దిగువ ఇళ్లను ఖాళీ చేయించి, 112కు, గ్రామ సచివాలయానికి, ఏఈకి చెప్పాలి. తప్పనిసరై నీరు వదలాల్సి వస్తే ఏఈ చెప్పిన చోటే, గట్టు ఎత్తు తక్కువగా ఉండి గట్టి నేలను కలిసే చివరన కోయాలి. మదుము పక్కన కోస్తే మదుము కూడా పోతుంది.

వరద తగ్గాక లోపలి వాలు మీద గట్టు పొడవునా సాగిన బీటలు వెతకండి. బీటకు రెండు వైపులా మేకులు కొట్టి మధ్య దూరం రోజూ కొలవాలి. పెరుగుతుంటే గట్టు మీద బళ్లు ఆపి, మదుము సగం మూసి మట్టం దిగే వేగం తగ్గించాలి.