పాత ప్యాడ్లు చెప్పే కబురు: కారు ముందు బ్రేకుల సమస్యలు, పరిష్కారాలు

ముందు చక్రాలకు డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు), వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉండే వేగనార్, స్విఫ్ట్ తరహా చిన్న కార్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. వెనుక కూడా డిస్కులుండి, మీట నొక్కితే పడే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లలో వెనుక ప్యాడ్ల (డిస్కును రెండు వైపుల నుంచీ నొక్కి ఆపే ముక్కల) పనిని మెకానిక్కుకు వదిలేయడమే మేలు.

సమస్య: బ్రేకు వేస్తే కీచుమంటోంది

రాత్రి వాన కురిసిన మర్నాడు మొదటి రెండు మూడు బ్రేకులకే శబ్దం వచ్చి ఆగిపోతే, అది డిస్కు మీద పట్టిన పల్చటి తుప్పు, చేయవలసిందేమీ లేదు. రోజంతా, ముఖ్యంగా పెడల్‌ను తేలికగా నొక్కినప్పుడు, సన్నగా కీచుమంటూ ఉంటే మాత్రం ప్యాడ్ అరిగిందని తెలపడానికి అమర్చిన చిన్న ఇనుప రేకు డిస్కుకు తగులుతోందని అనుమానించాలి. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సుమారు 10 మి.మీ. మందం ఉంటుంది, అది 3 మి.మీ.కు దిగితే మార్చవలసిందే. కీచు కాస్తా గరగరగా మారిందంటే ఆ పదార్థం అయిపోయి వెనుక ఇనుప పలకే డిస్కును గీస్తూ ఉండవచ్చు. అప్పుడు బండి నడపకూడదు. డిస్కును కూడా కొలిపించి, దాని మీద ముద్రించిన కనీస మందం కన్నా తగ్గి ఉంటే మార్చాలి.

సమస్య: బయటి ప్యాడ్ బాగానే ఉంది, అయినా శబ్దం పోవడం లేదు

ఇందులో నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూస్తే బయటి ప్యాడ్ సగానికి పైగా కనిపించింది కనుక ఇంకో ఆరు నెలలకు ఢోకా లేదనుకున్నాను. రెండు వారాల తర్వాత చక్రం విప్పితే, ఎడమవైపు లోపలి ప్యాడ్ ఒక కొసన మందంగా, మరో కొసన అట్టముక్కంత పల్చగా అరిగి ఉంది.

బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి ముందుకు కదిలే పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నేరుగా నొక్కుతుంది; ఆ ఒత్తిడికి, ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ తన పిన్నుల మీద జరిగి, బయటి ప్యాడ్‌ను డిస్కు మీదికి లాగుతుంది. పిన్ను రబ్బరు తొడుగు చిరిగి, నీళ్లూ దుమ్మూ చేరి గ్రీజు గట్టిపడితే క్యాలిపర్ జరగదు, భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. పిన్నులను తీసి శుభ్రంగా తుడిచి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు పూయాలి. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. పిన్ను సులువుగా కదులుతున్నా లోపలి ప్యాడే అరిగిందంటే సాధారణంగా పిస్టన్ వెనక్కి రావడం లేదని అర్థం. అది క్యాలిపర్ మరమ్మతు. అందుకే పాత ప్యాడ్లు నాలుగింటినీ పారేయకుండా, తీసిన వరుసలోనే అరుగు మీద పేర్చి చూడండి.

సమస్య: పెడల్ అదరడం, మెత్తగా దిగడం

ఈ రెండింటికీ కొత్త ప్యాడ్లు మందు కావు. అదురుకు సాధారణంగా డిస్కు మందంలో తేడా, మెత్తదనానికి గొట్టాల్లో చేరిన గాలి కారణం.

ఏవి కొనాలి

కారు మోడల్, తయారైన సంవత్సరం, వేరియంట్ చెప్పి, వీలైతే పాత ప్యాడ్‌ను పక్కన పెట్టి పోల్చి కొనాలి. లోహం ఎక్కువ కలిసిన సెమీ మెటాలిక్ ప్యాడ్లు వేడిని బాగా తట్టుకుంటాయి కానీ శబ్దమూ, డిస్కు అరుగుదలా ఎక్కువ. సిరామిక్ ప్యాడ్లు నిశ్శబ్దంగా ఉంటాయి, ఖరీదెక్కువ. ఊళ్లో తిరిగే బండికి కంపెనీ మొదట అమర్చిన రకమే చాలునని నా అభిప్రాయం. ఒక చక్రానికే మార్చి ఊరుకోకూడదు. రెండు ముందు చక్రాలకూ కలిపి నాలుగూ మార్చాలి.

మార్చే పద్ధతి

సమతలంగా ఉన్న చోట హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, బండి నేల మీద ఉండగానే ముందు చక్రం నట్లను వదులు చేయాలి. జాకీతో లేపాక దాని మీదే భారం ఉంచకుండా స్టాండు పెట్టాలి. క్యాలిపర్ కింది బోల్టు విప్పి పైకి తిప్పితే ప్యాడ్లు బయటపడతాయి. ఒకవేళ క్యాలిపర్‌ను పూర్తిగా తీయవలసి వస్తే దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టాలి. అక్కడ పేరుకున్న బ్రేకు దుమ్మును నోటితో ఊదకూడదు.

కొత్త ప్యాడ్లు మందం కనుక పిస్టన్‌ను సి-క్లాంపుతో (మర తిప్పి బిగించే పట్టుతో) మెల్లగా వెనక్కి నెట్టాలి. అప్పుడు బానెట్ కింద ఉండే డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం పెరుగుతుంది. అది పొంగి పెయింటు మీద పడితే రంగు లేస్తుంది కాబట్టి మూత తీసి, గుడ్డ చుట్టి, మధ్యమధ్య చూస్తూ ఉండాలి. క్యాలిపర్ విప్పి ఉండగా పొరపాటున కూడా ఎవరూ పెడల్ తొక్కకూడదు. ప్యాడ్ ముఖానికీ, డిస్కుకూ గ్రీజు చుక్క కూడా అంటకూడదు.

రెండు వైపులా బిగించి బండి దించాక, ఇంజను వేయకముందే పెడల్ గట్టిపడేదాకా పదే పదే తొక్కాలి. దీన్ని మరిచిపోయి బండి కదిలిస్తే మొదటి తొక్కుకు బ్రేకే పడదు. ఆ తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కి.మీ. వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారే వ్యవధి ఇస్తూ ఓ పదిసార్లు తగ్గించాలి. ఇంటికి వచ్చాక రెండు చక్రాల దగ్గరా చెయ్యి తాకించకుండా అరచేతిని దూరంగా పెట్టి చూడండి. ఒకదాని వేడి స్పష్టంగా ఎక్కువగా ఉంటే, ఆ పక్క పిన్నో, పిస్టనో ఇంకా పట్టేస్తున్నట్టే.